సుట్ట పొద్దు

ఆ శ్రావణమాసపు పొద్దున కూడా సుక్కమ్మ రోజూ లేచినట్టే లేచింది, రోజూ దగ్గినట్టే దగ్గింది, గంపకింది కోడిని రోజూ తిట్టినట్టే తిట్టింది. పొయ్యిలోంచి నిప్పుకణిక తీసి చుట్ట ముట్టించుకుని అరుగు మీద కూర్చుంది. లోపల కోడలు విమలమ్మ జొన్నరొట్టె చరుస్తోంది. చీర ఉయ్యాలలో నాలుగు నెలల చంటిపిల్ల నిద్రపోతోంది. కొడుకు సామేలు గోడకున్న పగిలిన అద్దంలో మీసం సవరించుకుంటూ, తల్లి వదిలే పొగను ఓరగా చూస్తున్నాడు.

సామేలంటే సమూయేలు. ఆరో ఏట బోర్డింగు బడిలో చేరి, పట్నంలో పంతులు ట్రైనింగు దాకా చదివాడు. ఏం లాభం! చేతికి సర్టిఫికెట్టు వచ్చేసరికి పట్నంలో గొడవలు మొదలయ్యాయి. జై తెలంగాణ అంటూ పిల్లలు రోడ్ల మీదికొచ్చారు, బడులు మూతపడ్డాయి, బస్సులు ఒకరోజు నడిస్తే నాలుగు రోజులు ఆగిపోయేవి. సర్కారు నౌకరీ మాట ఎత్తేవాడే లేడు. అట్లాంటి సమయంలో మొయినాబాద్ దిక్కున్న బేతనియ మిషన్ బడిలో పంతులు ఉద్యోగం ఖాళీ అయింది. సురంగల్ చర్చి సంఘం పిల్లవాడు కాబట్టి సామేలుకే ఇస్తామంది సంఘం కమిటీ. ఆ జీతం వస్తే విమలమ్మ చంటిపిల్లను చంకనేసుకుని కూలికి పోనక్కర్లేదు. రాకపోతే వచ్చే నెలనుంచి ఆమె కూడా అత్త వెంట కలుపుకు పోవాల్సిందే. ఇంట్లో అందరికీ ఆ లెక్క తెలుసు.

"అవ్వా, నీతోటి ఒక ముచ్చట ఉన్నది."

"ఉంటే చెప్పు. నాకేమన్న చెవుడా?"

"సుట్ట బంద్ చెయ్యాలె."

సుక్కమ్మ చుట్ట నోట్లోంచి తీసి, అదేదో కొత్తగా చూస్తున్నట్టు తిప్పి చూసింది. "ఎవరు?"

"ఎవరేంది, నువ్వే! ఆదివారం గుడిల పాస్టరయ్య చదివిండు గద. పంతుళ్ళ ఇండ్లల్ల ఎవ్వరు గూడ సుట్ట, బీడీ, నస్యం, తంబాకు ముట్టొద్దని. ముడితే నౌకరీ లేదు. నువ్వు ఇనలేదా?"

"ఆదివారం ఒక్కనాడే గద కొడుకా నాకు నడుం వాల్చేది. జర కునుకువట్టింది." ఆమె నవ్వి, మళ్ళీ ఆలోచనలో పడింది. "సిగరెట్టు చెప్పలేదా అండ్ల?"

సామేలు గొంతు సవరించుకున్నాడు. ఆ కాగితం రాసింది కమిటీ సెక్రటరీ సాలోమోను. ఆయన జేబులో సిగరెట్ పెట్టె లేని రోజు లేదు. ఆ జాబితాలో సిగరెట్ ఎందుకు లేదని అడిగిన మొగాడూ లేడు.

"లేదు," అన్నాడు చివరికి.

"ఆకుల చుడితే పాపం, కాయిదంల చుడితే పుణ్యమా? నాకైతే సమజైతలేదు."

"నాకు గూడ సమజైతలేదే. కని ఏం చెయ్యాలె? నౌకరీ వాళ్ళ చేతుల ఉన్నది. అయినా సుట్ట మంచిదా చెప్పు? రాత్రంత దగ్గుతనే ఉంటవు."

అదీ నిజమే. సుక్కమ్మ లోపలికి చూసింది. విమలమ్మ రొట్టె కాల్చడం ఆపి వింటోంది. ఉయ్యాలలో పిల్ల కాళ్ళు కదిలిస్తోంది. ముసలామె లేచి వెళ్ళి, సగం కాలిన చుట్టను, రొండిన దోపుకున్న ఇంకో రెండింటిని కూడా పొయ్యిలో వేసింది.

"ఇగ ముట్ట. పో, పోయి నౌకరీ తెచ్చుకో."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని సామేలు అనుకోలేదు. ఇరవై ఏళ్ళ పైబడిన అలవాటును ఒక్క మాటకు వదిలేసిన తల్లిని చూసి అతనికి గుండె నిండిపోయింది. ఆమె మాత్రం పొయ్యి ముందు కాసేపు అట్లాగే నిలబడి, కొడవలి తీసుకుని చేనుకు పోయింది.

మూడు వారాలు గడిచాయి. సుక్కమ్మ దగ్గు నిజంగానే తగ్గింది. సామేలు సంబరానికి అంతు లేదు. కమిటీ నియమాన్ని ఇంటింటికీ మెచ్చుకుంటూ తిరిగాడు. ఇంకోటి కూడా అతని కంటబడింది కానీ మనసుకు పట్టలేదు. తల్లి సాయంత్రం చేనునుంచి వచ్చి, కాళ్ళు కడుక్కునే ఓపిక కూడా లేక గడప దగ్గరే కూలబడుతోంది. మోకాళ్ళకు ఆముదం రాసుకుంటోంది. రెండు రోజులు అన్నం తినకుండానే పడుకుంది. పొగాకు ఒంట్లోంచి దిగుతుంటే అట్లాగే ఉంటుందని సామేలు విమలమ్మకు చెప్పాడు. చదువుకున్నవాడికి ప్రతిదానికీ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది కదా!

ఒక శుక్రవారం సాయంత్రం సాలోమోను సైకిలు దిగి, ఇస్త్రీ చొక్కా నలగకుండా మంచం అంచున కూర్చున్నాడు. విమలమ్మ మంచినీళ్ళు ఇచ్చి తలుపు వెనక్కు పోయింది.

"సామేలూ, నీ మీద పాస్టరయ్యకు ఎంత నమ్మకముండె! గిట్ల చేస్తవనుకోలె."

"ఏమైంది సార్?"

"నిన్న చేవెళ్ళ పోతుంటే రాజేశ్వర్ శావుకారి చేను పక్కపొంటి వచ్చిన. మీ అవ్వ గెట్టు మీద నలుగురి నడుమ కూసున్నది. నోట్ల సుట్ట ఉన్నది. నా కండ్లతోటి సూసిన."

సామేలు తల అడ్డంగా ఊపాడు. "మా అవ్వ బంద్ చేసింది సార్..."

"నిప్పు లేనిదే పొగ రాదు బిడ్డా." ఆయన దగ్గరికి వంగి మాట్లాడుతుంటే సిగరెట్టు కంపు గుప్పుమంది. సామేలు చటుక్కున మొహం తిప్పుకున్నాడు. ఆయన గుమ్మడికాయల దొంగలాగా పైజేబు తడుముకుని లేచాడు. "రేపు పదింటికి కమిటీ కూసుంటున్నది. మీ అవ్వను తోలుకరా. అందరి ముంగట మాఫీ అడిగి, మళ్ళ ముట్టనని చెప్పాలె. లేకుంటే ఆ నౌకరీకి ఇంకొక పిలగాడు రెడీగ ఉన్నడు. నీ మంచికే చెప్తున్న."

సైకిలు గంట దూరమయ్యేదాకా సామేలు కదలలేదు. అవ్వ అబద్ధమాడిందా? దగ్గు తగ్గింది కదా, మరి? ఇంట్లో మానేసి చేనులో తాగుతోందా? మానేసినట్టు నటించిందా? ఏదీ తేలలేదు. తేలని కోపమంతా తల్లి కోసం కాచుకుని కూర్చుంది.

పొద్దుగూకుతుండగా సుక్కమ్మ వచ్చి గడప దగ్గర కూలబడింది.

"అవ్వా, నిజం చెప్పు. సుట్ట తాగుతున్నవా?"

"తాగతలేను బిడ్డా."

"ఏసయ్య మీద ఒట్టు పెట్టు!"

"ఒట్టెందుకురా? తాగతలేనంటే తాగతలేను."

"మరి నీ రొండిన ఏమున్నది?"

ఆమె చెయ్యి తెలియకుండానే నడుము మీదికి పోయింది. అంతే, సామేలు వంగి చీర కుచ్చెళ్ళ పక్కన దోపిన చుట్టను లాగేశాడు. కన్నతల్లి నడుము తడిమానన్న సిగ్గు కూడా ఆ కోపంలో కొట్టుకుపోయింది.

"ఇదేంది? ఇదేందవ్వా? ముఖం మీద అబద్ధమాడుతవా? నీ నోటి రుచి కోసం నా బతుకు ఆగం చేస్తవా? నీ మనుమరాలి నోటికాడి ముద్ద తీస్తవా?"

సుక్కమ్మ కళ్ళార్పకుండా కొడుకునే చూస్తోంది. చంటిపిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది. విమలమ్మ పిల్లను భుజానేసుకుని బయటికొచ్చి, మొగుడి చేతిలోంచి చుట్ట తీసుకుంది.

"జర దీని కొస సూడుండ్రి."

"ఏం సూడాలె?"

"నిప్పు తగిలిందా? రెండు దిక్కులా సూడుండ్రి. కొరికిన దిక్కు పండ్ల గాట్లున్నయి. ఇంకో దిక్కు మసి గూడ లేదు. ఇది ఎన్ని దినాల సుట్టనో, ఒక్కసారి గూడ ముట్టియ్యలె."

సామేలు చుట్టను దీపం దగ్గర పెట్టి చూశాడు. ఆకు చివర పచ్చిగా, చుట్టినప్పుడు ఎట్లుందో అట్లే ఉంది. అతనికి ఏమీ అర్థం కాలేదు.

"ముట్టియ్యని సుట్ట నోట్లెందుకు పెట్టుకుంటున్నవే?"

"కూసునేతందుకు," అంది సుక్కమ్మ.

"ఏంది?"

"కూసునేతందుకురా! శావుకారి చేన్ల పొద్దు బారెడెక్కినంక మేస్త్రి బీరయ్య 'సుట్ట పొద్దు' అని కేకేస్తడు. సుట్టలు, బీడీలు తాగేటోళ్ళు గెట్టెక్కి కూసుంటరు. సుట్ట కాలేదాక ఇడుపు, పని బంద్. మాపటికి ఇంకోపాలి. తాగనోళ్ళకు ఇడుపెందుకు? వాళ్ళు సాలు పట్టుకొని కలుపు తీసుకుంట పోవుడే. పొద్దు పొడిచినకాడి నుంచి పొద్దుగూకేదాక. సుట్ట పొయ్యిల ఏసిన తెల్లారి సంది నా నడుం నాది కాదు. నా పక్క సాల్ల రాధమ్మే, ఉత్తగ నోట్ల పెట్టుకో అక్కా, ఎవడు సూడొచ్చిండని చెప్పింది. కొన్ని దినాలు నడిచింది. పొగ వస్తలేదేందని నిన్ననే బీరయ్యకు అనుమానమొచ్చింది. ఇయ్యాల లేపిండు."

సామేలు మంచం మీద కూర్చుండిపోయాడు. ఆరో ఏటనుంచి బోర్డింగులో పెరిగినవాడు. తల్లి కూలి డబ్బుతో పలకలు, పుస్తకాలు కొన్నవాడు. ఆ కూలి చేసే చేనులో ఒక్క పూట నిలబడలేదు. చుట్ట మాన్పించి మంచి చేశాననే అనుకున్నాడు. దగ్గు తగ్గడం నిజం. నడుము విరగడం కూడా నిజం. మంచి ఎక్కడ ఆగి, చెడు ఎక్కడ మొదలైందో అతని చదువుకు దొరకలేదు.

"సరే," అన్నాడు. "రేపు కమిటీకి రా. గీ ముచ్చటే చెప్పు. చెప్పి ఒక్క మాట మాఫీ అడుగు, అయిపోతది."

"చెయ్యని తప్పుకు మాఫీ ఎందుకడుగుతరా?"

"నా కోసం కాకుంటే విమల కోసం అడుగు! నౌకరీ రాకుంటే అది చంటిదాన్నేసుకొని కలుపుకు రావాలె."

"నా పేరెందుకు తీస్తున్రు?" విమలమ్మ పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. "నేను చేన్లకు పోతే పిల్లకు పాలియ్యనీకె ఇడుపు ఎవరిస్తరు? సుట్ట తాగేటోళ్ళకే గద! అత్తా, నాక్కూడ నేర్పు. ఇప్పటి సందే అలవాటు చేసుకుంట."

"నోర్ముయ్యి!"

సుక్కమ్మ అరుపుకు పిల్ల కూడా ఏడుపు ఆపేసింది. ఆమె గడప పట్టుకుని లేచి నిలబడింది. "నీ నోట్ల సుట్ట పెట్టే కాలమొస్తే నేను బతికుండి ఏం లాభం? ఇంకోపాలి ఆ మాటంటే పండ్లు రాలగొడత!"

కోడలిని ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి. ఎందుకంత కోపమొచ్చిందో ఇద్దరికీ తెలియలేదు. ఆమె చెప్పనూ లేదు. చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. సామేలు ఆ చుట్టను ముక్కలు చేసి పెంటమీద పారేశాడు.

తెల్లారి అతను లేచేసరికి సుక్కమ్మ చేనుకు పోయింది. విమలమ్మ పెట్టెలోంచి తెల్ల చొక్కా తీసి ఇచ్చింది. "తోలుకొని పోతరో, ఒక్కలే పోతరో మీ ఇష్టం. అత్తను మాత్రం ఏడిపియ్యకుండ్రి," అంది.

సామేలు సైకిలెక్కాడు. తల్లిని బతిమాలాలా, కోప్పడాలా, కమిటీ ముందు తనే ఏదో ఒకటి కల్పించి చెప్పాలా? దారంతా అదే పెనుగులాట. రాజేశ్వర్ శావుకారి జొన్నచేను చేరేసరికి పొద్దు బారెడెక్కింది. అతను సైకిలు స్టాండు వేస్తుండగానే మేస్త్రి బీరయ్య చేతులు నోటికి ఆనించుకుని కేకేశాడు.

"సుట్ట పొద్దూ!"

చేనులోంచి పదిమంది దాకా ఆడా మగా నడుములు ఎత్తారు. గట్టెక్కి, కాళ్ళు బార్లా చాపి, చుట్టలు, బీడీలు తీశారు. ఒకరి నిప్పు ఒకరికి అందించుకున్నారు. నవ్వులు, ఎకసెక్కాలు. మోకాలెత్తు జొన్నల మధ్య ఇద్దరు మాత్రం వంగినవాళ్ళు వంగినట్టే ఉన్నారు. ఒకామె రాధమ్మ. ఆమెకు పొగ పడదు. రెండో ఆమె సుక్కమ్మ. ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, ఇంకో చేతి కొడవలితో కలుపు తీస్తోంది. మొక్క మొక్కకూ ఆగి ఊపిరి పీల్చుకుంటోంది.

"బీరయ్య మామా, మా అవ్వ ఎందుకు కూసుంటలేదు?"

బీరయ్య వింతగా చూశాడు. "చేతిల సుట్ట లేదు గద సామేలూ."

"సుట్ట లేకుంటే నడుం నొయ్యదా?"

"గది నాకేమెరుక! పెద్దశావుకారి కాలం నుంచి గిదే రివాజు. సుట్ట తాగేటోనికి పొగ లేకుంటే చెయ్యాడదని ఇడుపిచ్చిండు. తాగనోడికి ఏమొచ్చింది రోగం?" బీరయ్య బీడీ దమ్ము లాగి నవ్వాడు. "మీ అవ్వనే ఇన్నేండ్లు తాగి ఇప్పుడు బంద్ చేసింది. పాడు అలవాటుతోటి ఆమెను చెడగొట్టింది నువ్వే, మాన్పిచ్చింది గూడ నువ్వేనంట గద."

"నేను చెడగొట్టుడేంది?"

"నీకెవరు చెప్పలేదా? అప్పుడు నీకు మూడు నెలలుంటవేమో. మీ బాపు పోయిన ఏడు. గిదే గెట్టు మీద నిన్ను గంపల పండవెట్టి కలుపు తీస్తుండె. నువ్వు ఆకలికి ఏడ్చి ఏడ్చి నీలం పడుతుంటివి. పాలిచ్చి వస్తనని మీ అవ్వ పెద్దశావుకారి కాళ్ళు పట్టుకున్నది. 'ఇడుపు సుట్టకే, పాలకు గాదు. నీకిస్తే రేపు అందరు పిల్లల్ని ఎత్తుకొస్తరు' అన్నడు. తెల్లారి మీ అవ్వ సుట్ట వట్టుకొచ్చింది. మొదటి దమ్ముకే కక్కుకున్నది. మేం నవ్వినం. ఆమె నోరు కడుక్కొని మళ్ళ ముట్టిచ్చింది. ఒక చేతిల సుట్ట, ఒక చేతిల నువ్వు. గట్ల మరిగింది సారూ సుట్టకు."

బీరయ్య ఇంకా ఏదో చెబుతున్నాడు. సామేలుకు వినపడలేదు. నీ నోటి రుచి కోసం అన్నాడు నిన్న. ముఖం మీద అబద్ధమాడుతవా అన్నాడు. ఆ నోట్లోకి పొగ పోయింది తన నోట్లోకి పాలు రావడానికి! విమల 'నాక్కూడ నేర్పు' అన్నప్పుడు ఆ తల్లి ఎందుకు అట్లా కేక పెట్టిందో ఇప్పుడు తెలిసింది. దుఃఖం ముంచుకొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. పెద్దశావుకారి చచ్చిపోయాడు. సాలోమోను రాసిన నియమంలో చుట్ట మంచిది కాదన్న మాట నిజమే. బీరయ్యదీ కూలి బతుకే. మిగిలింది తనొక్కడే.

అతను చెప్పులు విడిచి, తెల్ల చొక్కాతోనే చేనులోకి దిగాడు. తల్లి చేతిలోంచి కొడవలి తీసుకున్నాడు.

"అరే, బురద! బట్టలు ఖరాబైతయి! కమిటీకి పోలేదా?" సుక్కమ్మ కంగారుపడింది. "ఇగో సామేలూ, పొద్దుగాల సంది గదే ఆలోచన చేస్తున్న. వస్త పా. నువ్వు చెప్పినట్టే మాఫీ అడుగుత. నీ పెండ్లాం చేన్లకు రావొద్దు. నేను నలుగుట్ల తల వంచితే ఏం పోతది?"

ఆ మాటతో సామేలు నిలువునా కదిలిపోయాడు.

"నువ్వు పోయి గెట్టు మీద కూసో అవ్వా."

"సుట్ట లేకుంట ఎట్ల కూసుంటరా? నవ్వుతరు."

"నవ్వనీ. నీ సాలు నేను పడుత. కూసో."

ఆమె నమ్మలేనట్టు రెండడుగులు వేసి వెనక్కి చూసింది. మళ్ళీ రెండడుగులు వేసింది. గట్టెక్కి అందరికీ కాస్త ఎడంగా కూర్చుంది. ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. అది చూసి రాధమ్మ కొడవలి కింద పడేసి, బీరయ్య వైపు కూడా చూడకుండా వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. "నాకు సుట్ట లేదు, సామేలు లేడు. అయినా కూసుంట. ఏం చేస్తవో చెయ్యి బీరన్నా," అంది.

"శావుకారి అడిగితే నన్నేమనమంటవు?" బీరయ్య తల గోక్కున్నాడు.

"నా పేరు చెప్పు మామా. కూసొమ్మన్నది సామేలని చెప్పు. ఆయన దగ్గరికి నేనే వచ్చి మాట్లాడుత," అన్నాడు సామేలు సాలులోంచి.

బీరయ్య అతన్ని చూశాడు, ముసలామెను చూశాడు. ఎవరిని లేపాలో ఎవరిని ఉంచాలో అతనికీ తేలినట్టు లేదు. బీడీ నోట్లో పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

సామేలుకు పది గజాలు కూడా పోకముందే నడుము పట్టేసింది. చేతులు కోసుకున్నాయి. పదింటి పొద్దు దాటిందని అతనికి తెలుసు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. చివరికి కొడవలి పట్టుకునే గట్టు దగ్గరికి వచ్చి, అందరూ చూస్తుండగా తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"కమిటీకి నేనొక్కన్నే పోత. ఎందుకు ముట్టిచ్చినవో, ఎందుకు ముట్టియ్యకుంట పట్టుకున్నవో అన్నీ చెప్త. ఇంటే ఇంటరు, లేకుంటే లేదు. నౌకరీ వచ్చినా రాకున్నా, విమల ఈ చేన్లకొస్తే ఉత్త చేతులతోనే కూసుని పిల్లకు పాలియ్యాలె. అది అయ్యేదాక నేను ఇడవ. నువ్వు ఎవ్వరి ముంగట తల వంచొద్దు అవ్వా. మాఫీ అడగాల్సింది నేను." అతను కొడవలి కింద పెట్టాడు. "నన్ను మాఫ్ చెయ్యవ్వా."

సుక్కమ్మ ఏడ్చింది. గట్టు మీద వాళ్ళంతా చుట్టలు నోట్లో పెట్టుకోవడం మరిచి చూస్తున్నారు. ఆమె కొంగుతో కొడుకు చేతి బురద తుడిచి, కోసుకున్న వేలు నోటితో ఊదింది. తర్వాత అతను కలుపు తీసిన సాలు వైపు చూసి ముక్కు ఎగబీల్చింది.

"ఏర్లన్ని ఇడిచిపెట్టినవు కదరా సారూ, వారానికల్లా మళ్ళ మొలుస్తది. జర్రసేపు కూసోని, నేనే వచ్చి మళ్ళ తీస్త."

అని, ఇంకాసేపు కూర్చుంది.